ఒకే ఓడలతో రెండు యుద్ధాలు

రెండో ప్రపంచ యుద్ధాన్ని మనం రెండు వేర్వేరు కథలుగా చదువుకుంటాం. ఒక కథలో హిట్లర్, స్టాలిన్‌గ్రాడ్, నార్మండీ, బెర్లిన్ ఉంటాయి. ఇంకో కథలో పెర్ల్ హార్బర్, మిడ్‌వే, ఒకినావా, హిరోషిమా ఉంటాయి. పుస్తకాల్లో అధ్యాయాలు వేరైనా, ఆ యుద్ధాన్ని నడిపినవాళ్ల బల్ల మీద మాత్రం రెండింటికీ ఒకటే లెక్క ఉండేది. ఆ లెక్కలో అన్నిటికంటే ముందు వచ్చేది ఓడ. 1942 నుంచి 1944 దాకా ఐరోపాలో ఏం చేయాలన్నా, పసిఫిక్‌లో ఏం చేయాలన్నా ముందు తేలాల్సింది, దానికి ఓడలు ఎక్కడి నుంచి తెస్తారన్నదే. ఒక రంగానికి పంపిన ఓడ నెలల తరబడి రెండో రంగానికి లేనట్టే. ఆ కొరతను ఎవరెలా పంచుకున్నారు, దాని భారం చివరికి ఎవరి మీద పడింది అన్నది వెతుక్కుంటూ వెళ్తే, దారి మన బంగాళాఖాతం దాకా వస్తుంది.

అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఏడాది ముందే, 1940 నవంబరులో, ఆ దేశ నౌకాదళాధిపతి అడ్మిరల్ హెరాల్డ్ స్టార్క్ ఒక నోట్ రాశాడు. జర్మనీ, జపాన్ రెండింటితోనూ ఒకేసారి పోరాడాల్సి వస్తే ముందు జర్మనీ సంగతి చూడాలి, అప్పటిదాకా పసిఫిక్‌లో కాచుకొని ఉండాలి అన్నది అందులోని సారం. బ్రిటన్ పడిపోతే ఐరోపాలో కాలు పెట్టడానికి చోటు మిగలదు. జపాన్ ఓడిపోయినంత మాత్రాన జర్మనీ ఓడిపోదు. జర్మనీ ఓడిపోతే మాత్రం జపాన్ ఒంటరిదవుతుంది. 1941 మొదట్లో వాషింగ్టన్‌లో రహస్యంగా కలిసిన బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఈ వరుసనే ఒప్పుకున్నారు. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగాక అమెరికా జనం కోపమంతా జపాన్ మీదే ఉన్నా, రెండు వారాల తర్వాత రూజ్‌వెల్ట్, చర్చిల్ వాషింగ్టన్‌లో కలిసినప్పుడు ఆ నిర్ణయం మారలేదు. డిసెంబరు 11న హిట్లర్ తనంతట తానే అమెరికా మీద యుద్ధం ప్రకటించడంతో రూజ్‌వెల్ట్‌కు పెద్ద చిక్కు తప్పింది.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న నిర్ణయం ఆచరణలో చాలాకాలం కనిపించలేదు. జపాన్ వేగం అలాంటిది. 1942 జనవరి 2న మనీలా, ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ పడిపోయాయి. ఆస్ట్రేలియాను కాపాడుకోవాలంటే వెంటనే సైన్యం పంపాలి, పంపారు. జూన్‌లో మిడ్‌వే దగ్గర జపాన్ నాలుగు విమానవాహక నౌకలను పోగొట్టుకుంది. ఆగస్టులో అమెరికా సైనికులు గ్వాడల్‌కెనాల్ దీవిలో దిగారు. ఏడాది ముగిసేసరికి, ముందు ఓడించాల్సిన జర్మనీ మీదకంటే జపాన్ మీద మోహరించిన అమెరికా సైనికులే ఎక్కువ. 1943 చివర చూసినా రెండు వైపులా సుమారు 18 లక్షల మంది చొప్పున సరిసమానంగా ఉన్నారు. స్టార్క్ తర్వాత వచ్చిన అడ్మిరల్ ఎర్నెస్ట్ కింగ్ 1943 జనవరిలో కాసాబ్లాంకా సమావేశంలో, మిత్రరాజ్యాల మొత్తం శక్తిలో జపాన్ మీద పెడుతున్నది 15 శాతమేనని, దాన్ని 30 శాతం చేయాలని వాదించాడు. బ్రిటిష్ సేనాధిపతి అలన్ బ్రూక్‌కు ఆ వాదన ఏమాత్రం నచ్చలేదు. అందుకే ‘జర్మనీ ముందు’ అన్నదాన్ని అందరూ అక్షరాలా పాటించిన ఆజ్ఞ అనుకుంటే పొరపాటు. ప్రతి సమావేశంలోనూ దాని మీద బేరం నడిచింది. బేరానికి వచ్చిన సరుకు ఎక్కువసార్లు ఓడలే.

దూరాలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. న్యూయార్క్ నుంచి లివర్‌పూల్ సుమారు 5,500 కిలోమీటర్లు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బ్రిస్బేన్ దానికి రెండింతలు. అంటే అట్లాంటిక్‌లో రెండుసార్లు వెళ్లొచ్చే సమయంలో ఒక ఓడ పసిఫిక్‌లో ఒక్కసారే వెళ్లి రాగలదు. అక్కడితో అయిపోదు. లివర్‌పూల్, గ్లాస్గోలలో రేవులు, క్రేన్లు, రైళ్లు, కూలీలు అన్నీ ఉన్నాయి. దక్షిణ పసిఫిక్‌లో అవేవీ లేవు. న్యూ కాలెడోనియాలోని నూమియా రేవులో 1942 చివర సరుకు దించే దిక్కులేక ఓడలు వరుసగా లంగరు వేసి నిలబడిపోయాయి. ఒడ్డున గిడ్డంగులు లేవు కాబట్టి ఓడలనే గిడ్డంగులుగా వాడుకున్నారు. గ్వాడల్‌కెనాల్‌లో సైనికులు అరకొర తిండితో పోరాడుతుంటే, వాళ్లకు కావాల్సిన సరుకు అక్కడికి వెయ్యిన్నర కిలోమీటర్ల దూరంలో ఓడ అడుగున ఇరుక్కుపోయి ఉండేది.

ఈ కొరతను అమెరికా ముఖ్యంగా తన కర్మాగారాలతోనే పూడ్చింది. ఒకే నమూనాలో, రివెట్లకు బదులు వెల్డింగ్‌తో, ముక్కలుగా తయారుచేసి అతికించిన ‘లిబర్టీ’ ఓడలు మొత్తం 2,710 కట్టారు. 1942 నవంబరులో వాటిలో ఒకదాన్ని నాలుగు రోజుల 15 గంటల్లో నీళ్లలోకి దించారు. అది పేరు కోసం చేసిన పనే అయినా, అసలు వేగం కూడా శత్రువు ముంచే వేగాన్ని దాటిపోయింది.

జలాంతర్గాముల కథ ఈ రెండు సముద్రాల్లో పూర్తిగా తలకిందులుగా నడిచింది. అట్లాంటిక్‌లో జర్మనీ జలాంతర్గాములు 1942లో అమెరికా తూర్పు తీరం పొడవునా సరుకు ఓడలను వేటాడాయి. యుద్ధనౌకల కాపలాతో గుంపులుగా సాగే కాన్వాయ్‌లు, రాడార్, దూరం వెళ్లగల గస్తీ విమానాలు, సంకేతాలను ఛేదించిన నిఘా అన్నీ కలిసివచ్చాక 1943 మే ఒక్క నెలలోనే జర్మనీ 41 జలాంతర్గాములను పోగొట్టుకుంది. అడ్మిరల్ డోనిట్స్ మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిపించాడు. పసిఫిక్‌లో వేటగాడు అమెరికా. మొదట్లో దాని టార్పెడోలు సరిగా పేలక చాలా అవకాశాలు పోయినా, 1943 చివర్లో ఆ లోపం సరిచేసుకున్నాక జపాన్ సరుకు ఓడలకు దిక్కులేకుండా పోయింది. మునిగిన జపాన్ వాణిజ్య ఓడల్లో సగానికి పైగా జలాంతర్గాముల చేతిలో పోయినవే. ఆగ్నేయాసియా నూనె బావుల కోసమే యుద్ధం మొదలుపెట్టిన దేశానికి, బావులు చేతిలో ఉన్నా నూనె ఇంటికి చేరలేదు. అట్లాంటిక్‌లో కాన్వాయ్ ఎలా పనిచేస్తుందో ప్రపంచమంతా చూస్తున్నా, కాన్వాయ్ రక్షణకు ప్రత్యేకంగా ఒక కేంద్ర కమాండ్‌ను జపాన్ 1943 నవంబరులో గాని ఏర్పాటు చేయలేదు. జపాన్ నౌకాదళం నిర్ణయాత్మక సమరం మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా బియ్యం, నూనె మోసే ఓడల మీద పెట్టలేదు. ఆ యుద్ధంలో దాని అతిపెద్ద తప్పు ఇదేనని చెప్పవచ్చు.

జర్మనీ, జపాన్‌ల మధ్య పొత్తు కూడా ఇలాగే మొక్కుబడిగా నడిచింది. 1940 సెప్టెంబరు 27న ఇటలీతో కలిసి ఒప్పందం రాసుకున్నారు. సోవియట్ మీద దాడి చేస్తున్నట్టు హిట్లర్ జపాన్‌కు సరిగా చెప్పలేదు. పెర్ల్ హార్బర్ తేదీ జపాన్ హిట్లర్‌కు చెప్పలేదు. 1942 జనవరిలో ఇద్దరూ కూర్చుని ప్రపంచ పటం మీద 70 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర గీత గీసి, తూర్పు జపాన్‌కు, పడమర జర్మనీ, ఇటలీలకు అని పంచుకున్నారు. ఆ గీత మన గుజరాత్ పడమటి అంచున పోతుంది. అంటే దాదాపు భారతదేశమంతా జపాన్ వాటాలో పడింది. ఆ గీత దగ్గర ఇద్దరూ కలిసి చేయాల్సిన పని గురించి మాత్రం గట్టి ప్రణాళిక ఏదీ లేదు.

వాళ్ల మధ్య ఎంత ఎడం ఉందో సోవియట్ తూర్పు తీరపు రేవు వ్లాదివొస్తోక్ దారి చూపిస్తుంది. 1939 వేసవిలో మంగోలియా సరిహద్దున ఖల్కిన్ గోల్ దగ్గర సోవియట్ సేనాని జూకోవ్ చేతిలో జపాన్ సైన్యం ఘోరంగా దెబ్బతింది. ఆ తర్వాత దాని చూపు ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్లింది. 1941 ఏప్రిల్‌లో సోవియట్‌తో తటస్థతా ఒప్పందం చేసుకుంది. ఆ శరదృతువులో స్టాలిన్ సైబీరియా, దూరప్రాచ్యం నుంచి డివిజన్లను మాస్కోకు తరలించగలిగాడు. మాస్కో ముందు సోవియట్ ఎదురుదాడి డిసెంబరు 5న మొదలైంది. రెండు రోజులకే పెర్ల్ హార్బర్. ఇక అక్కడి నుంచి యుద్ధం ముగిసేదాకా, అమెరికా సోవియట్‌కు పంపిన సాయంలో సుమారు సగం పసిఫిక్ మీదుగా, సోవియట్ జెండా కట్టుకున్న ఓడల్లో, జపాన్ దీవుల మధ్య నుంచే వ్లాదివొస్తోక్ చేరింది. ఆ దారిన ఆయుధాలు పంపలేదు గానీ తిండి, ఇంధనం, యంత్రాలు వెళ్లాయి. జర్మనీ సైన్యాన్ని నలిపేస్తున్న ఎర్రసైన్యానికి వెళ్లే సరుకును జర్మనీ మిత్రదేశం కళ్లెదుట పోనిచ్చింది. సోవియట్‌తో ఇంకో యుద్ధం తెచ్చుకునే ఓపిక దానికి లేదు. 1937 నుంచి చైనాలో ఇరుక్కున్న సైన్యమే దానికి తలకు మించిన భారం.

ఈ రెండు రంగాలు నిజంగా కలిసిపోయే ప్రమాదం ఒక్కసారి వచ్చింది, అదీ మన వాకిట్లోనే. 1942 ఏప్రిల్ 5న అడ్మిరల్ నగుమో విమానవాహక నౌకలు కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేశాయి. బ్రిటన్ విమానవాహక నౌక హెర్మిస్, రెండు క్రూయిజర్లు మునిగిపోయాయి. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలోకి చొరబడి ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచింది. ఏప్రిల్ 6న ఆ దళంలోని ‘ర్యూజో’ నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. జపాన్ దిగబోతోందన్న భయంతో మద్రాసు నగరం సగానికి సగం ఖాళీ అయింది, ప్రభుత్వ కార్యాలయాలు లోపలి జిల్లాలకు తరలిపోయాయి. అప్పటికే రంగూన్ రేవులోనూ, బర్మా బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన వేలాది తెలుగు కూలీలు, మిగతా భారతీయులతో కలిసి లక్షల సంఖ్యలో కొండలు, అడవుల గుండా కాలినడకన తిరిగివస్తున్నారు. దారిలో కలరాకు, మలేరియాకు, ఆకలికి పోయినవాళ్ల లెక్క ఎవరూ సరిగా రాయలేదు.

బ్రిటిష్ నౌకాదళం ఆఫ్రికా తీరంలోని మొంబాసా దగ్గరి కిలిందిని రేవుకు వెనక్కి తగ్గింది. లండన్ భయమంతా పటం చూస్తే అర్థమవుతుంది. మధ్యధరా దాదాపు మూసుకుపోవడంతో ఉత్తరాఫ్రికాలో జర్మన్ సేనాని రోమెల్‌తో పోరాడుతున్న బ్రిటిష్ సైన్యానికి సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి హిందూ మహాసముద్రం మీదుగానే వెళ్తోంది. ఇరాన్ నూనె, ఇరాన్ గుండా సోవియట్‌కు వెళ్లే సాయం కూడా ఇదే నీళ్ల మీద ఆధారపడ్డాయి. అందుకే మే నెలలో బ్రిటన్ మడగాస్కర్‌లోని డియేగో స్వారెజ్ రేవును జర్మనీకి లొంగి ఉన్న ఫ్రాన్స్ విషీ ప్రభుత్వం చేతి నుంచి లాక్కుంది. జపాన్ విమానవాహక నౌకలు ఇక్కడే నిలిచి ఉంటే ఉత్తరాఫ్రికా యుద్ధం ఎటు తిరిగేదో చెప్పలేం. అవి నిలవలేదు. తూర్పుకు తిరిగి వెళ్లి, రెండు నెలల్లో వాటిలో మూడు మిడ్‌వే దగ్గర మునిగిపోయాయి. జూన్ 21న రోమెల్ లిబియాలోని టోబ్రూక్ రేవును పట్టుకునేసరికి, అతనికి సాయపడగలిగిన నౌకాబలం సముద్రం అడుగున ఉంది.

జపాన్ వెళ్లిపోయినా ఈ తీరానికి ముప్పు తప్పలేదు. ఈసారి అది మిత్రరాజ్యాల ఓడల లెక్కలోంచే వచ్చింది. బర్మా పోవడంతో అక్కడి బియ్యం దిగుమతి ఆగిపోయింది. జపాన్ చేతికి చిక్కకూడదని బెంగాల్ తీరంలో ప్రభుత్వమే బియ్యాన్ని తరలించింది, పడవలను స్వాధీనం చేసుకుంది, కొన్నింటిని ధ్వంసం చేసింది. పల్లెల్లో బియ్యం మోసేవీ, చేపలు పట్టేవీ ఆ పడవలే. 1943 జనవరిలో చర్చిల్ హిందూ మహాసముద్రానికి వచ్చే ఓడలను బాగా తగ్గించి అట్లాంటిక్‌కు, ఉత్తరాఫ్రికా పోరుకు మళ్లించారు. ఆ ఏడాది బెంగాల్‌లో కరువు వచ్చింది. ధాన్యం పంపమని వైస్రాయ్‌లు లిన్‌లిత్‌గో, ఆ తర్వాత వేవెల్ లండన్‌ను పదేపదే అడిగారు. వచ్చింది అడిగినదానిలో చిన్న భాగమే, అదీ ఆలస్యంగా. ఎక్కువమంది ఒప్పుకునే అంచనా ప్రకారం సుమారు 30 లక్షల మంది చనిపోయారు. కరువుకు ధరల పెరుగుదల, దాచిన నిల్వలు, తుపాను, పాలకుల అలసత్వం అన్నీ కారణాలే. అయినా ఓడలు లేవన్న జవాబును తప్పించుకోలేని కొరతగా చూపడం న్యాయం కాదు. ఉన్న ఓడలను ఎక్కడికి పంపాలో మనుషులే ఎంచుకున్నారు. ఆ ఎంపికలో బెంగాల్ ప్రాణాలకు ఇచ్చిన విలువ చాలా తక్కువ. యుద్ధం గెలవడానికి అది అవసరమైందని వాదించేవాళ్లు ముందు ఆ 30 లక్షల మందిని లెక్కలోకి తీసుకోవాలి.

ఇదే లెక్క అండమాన్ దీవుల విషయంలో ఇంకా సూటిగా కనిపిస్తుంది. 1942 మార్చి 23 నుంచి ఆ దీవులు జపాన్ ఆక్రమణలో ఉన్నాయి. 1943 నవంబరు చివర కైరోలో రూజ్‌వెల్ట్ చైనా అధినేత చియాంగ్ కై షేక్‌కు ఒక మాట ఇచ్చాడు: వచ్చే వసంతంలో బంగాళాఖాతం మీదుగా దాడి చేస్తాం, దాంతో పాటు చైనా సైన్యం ఉత్తర బర్మాలోకి కదలాలి. అండమాన్‌లను పట్టుకోవడమే ఆ దాడి. కైరో నుంచి రూజ్‌వెల్ట్, చర్చిల్ టెహ్రాన్ వెళ్లారు. అక్కడ స్టాలిన్ రెండు విషయాలు చెప్పాడు. ఫ్రాన్స్ మీద దాడి ఆలస్యం కాకూడదు, దక్షిణ ఫ్రాన్స్‌లో కూడా దిగాలి. జర్మనీ ఓడిపోయాక సోవియట్ జపాన్ మీద యుద్ధానికి వస్తుంది. ఒడ్డు దాకా వచ్చి ముందు తలుపులు తెరిచి ట్యాంకులను ఇసుక మీదికి దించే ల్యాండింగ్ ఓడలు అప్పుడు ప్రపంచం మొత్తం మీద చాలనన్ని లేవు. డిసెంబరు మొదటి వారంలోనే అండమాన్ దాడి రద్దయింది. దానికి పెట్టుకున్న ఓడలు ఐరోపాకు వెళ్లాయి. సైనికంగా చూస్తే ఆ నిర్ణయాన్ని తప్పు పట్టడం కష్టం. ఆ దీవుల జనానికి మాత్రం ఇంకో రెండేళ్ల నరకం మిగిలింది. 1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో గూఢచారులన్న నెపంతో 44 మందిని కాల్చి చంపారు. 1945లో తిండి కరువై, పనికిరారనుకున్న వందల మందిని ఓడల్లో తీసుకెళ్లి హేవ్‌లాక్ దీవి దగ్గర సముద్రంలోకి నెట్టారు. బ్రిటిష్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది 1945 అక్టోబరులో, జపాన్ లొంగిపోయిన తర్వాత.

ఐరోపా కోసం దాచిన ఆ ఓడలు కూడా బొటాబొటిగానే సరిపోయాయి. 1944 ఏప్రిల్ 28 రాత్రి ఇంగ్లండ్ తీరంలో నార్మండీ దాడికి రిహార్సల్ చేస్తుండగా జర్మన్ టార్పెడో పడవలు రెండు ల్యాండింగ్ ఓడలను ముంచాయి, వందల మంది చనిపోయారు. మే 21న పెర్ల్ హార్బర్‌లో పసిఫిక్‌లోని సైపాన్ దీవి మీద దాడికి సిద్ధమవుతున్న ఆరు ల్యాండింగ్ ఓడలు పేలుడులో బూడిదయ్యాయి. అయినా జూన్ 6న నార్మండీలో ఒక్క రోజులో లక్షన్నర మందికి పైగా దిగారు. తొమ్మిది రోజుల తర్వాత, జూన్ 15న, పెర్ల్ హార్బర్ నుంచి 5 వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అమెరికా మెరైన్లు సైపాన్‌లో దిగారు. జూన్ 22న మన ఈశాన్యాన ఇంఫాల్ చుట్టూ జపాన్ సైన్యం వేసిన ముట్టడి వీడింది. సరిగ్గా అవే రోజుల్లో బెలారస్‌లో సోవియట్ సైన్యం జర్మనీ మధ్య రంగాన్ని ముక్కలు చేసే దాడి మొదలుపెట్టింది. నార్మండీ, సైపాన్ రెండింటికీ ఒకే నెలలో ఓడలు సమకూర్చగలిగినప్పుడే ‘ముందు ఎవరు’ అన్న పాత తగవుకు అర్థం లేకుండా పోయింది.

ఈ రెండు రంగాలనూ కళ్లతో చూసినవాళ్లు భారత సైన్యంలో చాలామందే ఉన్నారు. ఎరిత్రియాలో, ఉత్తరాఫ్రికాలో పోరాడిన ఐదో భారత డివిజన్‌ను 1944 మార్చిలో బర్మా తీరంలోని అరాకాన్ నుంచి విమానాల్లో ఇంఫాల్, దిమాపూర్ వైపు దించారు. అప్పటి సరఫరాకు రవాణా విమానాలను మధ్యధరా రంగం నుంచి అప్పు తెచ్చుకున్నారు. అదే కాలంలో నాలుగో భారత డివిజన్ ఇటలీలో మోంటే కసీనో కొండ మీద రక్తం ఓడుస్తోంది. హైదరాబాద్‌కూ ఇందులో ఒక చోటు ఉంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ‘హైదరాబాద్’ పేరు పెట్టుకుని, ఆయన తలపాగానే చిహ్నంగా వేసుకున్న బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్ 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో పోరాడింది. తర్వాత ఉత్తరాఫ్రికా, సిసిలీ, ఇటలీ మీదుగా 1943 చివర బర్మా రంగానికి చేరింది.

చివరి బదిలీ రైళ్ల మీద జరిగింది. టెహ్రాన్‌లో చెప్పిన మాటకు స్టాలిన్ యాల్టా సమావేశంలో గడువు పెట్టాడు. జర్మనీ లొంగిన రెండు మూడు నెలల్లో వస్తానన్నాడు. 1945 మే నుంచి ట్రాన్స్‌సైబీరియన్ రైలు మార్గం మీద సైన్యాలు తూర్పుకు కదిలాయి. ఎవరిని పంపాలన్నది కూడా చాలా జాగ్రత్తగా ఎంచుకున్నారు. తూర్పు ప్రష్యాలో కోటలను బద్దలుకొట్టిన 5వ, 39వ సైన్యాలను జపాన్ కాంక్రీటు కోటల ఎదుట నిలిపారు. కార్పాతియన్ కొండలు దాటిన 6వ గార్డ్స్ ట్యాంక్ సైన్యాన్ని, 53వ సైన్యాన్ని ఖింగన్ పర్వతాల ముందు నిలిపారు. ఆగస్టు 9న, జర్మనీ లొంగిన సరిగ్గా మూడు నెలలకు, 15 లక్షలకు పైగా సైనికులు జపాన్ చేతిలో ఉన్న మంచూరియాలోకి దూసుకెళ్లారు. అదే రోజు నాగసాకి మీద అణుబాంబు పడింది. సోవియట్ మధ్యవర్తిత్వంతో గౌరవంగా బయటపడవచ్చని టోక్యోలో అప్పటిదాకా కొందరు పెట్టుకున్న ఆశ అక్కడితో పోయింది. మంచూరియాలో కాపలా ఉన్న, ఒకప్పుడు జపాన్‌కు గర్వకారణమైన క్వాంటుంగ్ సైన్యం ఆ దాడిని ఆపగలిగే స్థితిలో లేదు. దాని మంచి డివిజన్లు చాలావరకు ఏడాది ముందే పెలెలియు, ఫిలిప్పీన్స్, ఒకినావాలకు, అమెరికాను ఆపడానికి వెళ్లిపోయాయి.